మిరపాకు వెనక గుండె

పోయిన నెల తిరుపతిలో ఒక ఆసుపత్రి వాళ్ళు నా వేలికి బట్టలారేసే క్లిప్పులాంటిది ఒకటి తగిలించారు. లోపల ఎర్రగా చిన్న దీపం ఉంది. ఆ వెలుగు వేలిలోంచి దూరి అవతలికి పోతుందట. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం వచ్చి ఆ వెలుగును కొంచెం మింగుతుందట. ఆ మింగుడును లెక్కపెట్టి పక్కనున్న పెట్టె అంకె చూపిస్తుందట. సూది లేదు, కోత లేదు, మందు వాసన కూడా లేదు. నర్సమ్మ ఇదంతా నాకు ధైర్యం చెప్పడానికి చెప్పింది. నాకు నవ్వొచ్చింది. గుండె జబ్బుల వార్డులో నవ్వే ముసలివాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. ఆ అమ్మాయి పెట్టె వంకా నా వంకా మార్చి మార్చి చూసి, “కదలొద్దండి సార్, కదిలితే తప్పు చూపిస్తాది,” అంటూ నా మణికట్టును మంచానికేసి అదిమి పట్టుకుంది. అంకె పెరిగింది. ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. అంకె ఇంకొంచెం పెరిగింది.

తన ముందు పడుకున్న మనిషి వయసులో ఉండగా నాలుగేళ్ళు సరిగ్గా ఆ పనే చేయబోయి చెడిపోయినవాడని ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది? నేను కొలవబోయింది మనిషి వేలిని కాదు, పేనుబంకను. చెట్ల చిగుళ్ళ కింద గుంపులుగా అంటుకుని రసం పీల్చే పురుగు అది. ఒక్కొక్కటి నువ్వుగింజలో సగం ఉంటుంది. దానికీ గుండె ఉంది. మనకున్నట్టు రొమ్ములో కాదు, వీపు పొడుగునా సన్నటి గొట్టంలాగా. ఆ గొట్టం ఎంత వేగంగా కొట్టుకుంటుంది, ఎండ పెరిగితే ఎంత, చలి పెరిగితే ఎంత అన్నది నా పరిశోధన. అప్పట్లో నేను తిరుపతిలో జంతుశాస్త్రంలో పరిశోధక విద్యార్థిని. ఆ మాట చెబితే మా ఊళ్ళో వాళ్ళు గౌరవంగా తల ఊపి, “అంటే ఇంగా ఉద్యోగం రాలేదా?” అనేవాళ్ళు.

పురుగుల గుండె కొలిచినవాళ్ళు లోకంలో లేకపోలేదు. పురుగును మత్తులో ముంచడమో, మైనం మీద గుచ్చి వీపు కోయడమో వాళ్ళ పద్ధతి. మా ప్రొఫెసరు గారికి అది సరిపడలేదు. దయాగుణం వల్ల అనుకునేరు. ఆయన మాలో ఎవరి మీదా దయ చూపిన దాఖలా లేదు. ఆయన వాదం వేరు. కోసిన పురుగు గుండె కోసిన పురుగు గుండె. భయపడ్డ పురుగు గుండె భయపడ్డ పురుగు గుండె. మనకు కావలసింది పురుగు గుండె. “మనిషి ఉన్నట్టు దానికి తెలియకూడదు” అనేవారు, మేమున్నట్టు తనకూ తెలియదన్నట్టు కిటికీలోకి చూస్తూ. నా నాలుగో ఏటి వేసవితో ఆయన రిటైరవుతున్నారు. ఆయన కుర్చీ దిగేలోపల నా చేతిలో నమ్మదగిన కొలతలుంటే థీసిస్. లేకపోతే నన్ను తీసుకునే ఇంకో ప్రొఫెసరు ఆ భవనంలో లేడు. పేనుబంక గుండె మీద ఆసక్తి ఉన్న మనిషి అక్కడ ఆయన ఒక్కడే, నన్ను కలుపుకుని లెక్కపెట్టినా.

నేనుండేది తిరుపతిలోనే, కొర్లగుంటలో మా మేనత్త రాజమ్మ ఇంట్లో. మామ పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. నన్ను చదివిస్తున్నానన్న గర్వం ఆమెకు చాలా ఉండేది, ఏం చదివిస్తోందో తెలియకపోయినా. పొద్దున లేచేసరికి పెరడంతా చింతకట్టెల పొగ నిండి ఉండేది. చిక్కుడులాంటి అనపకాయల రోజుల్లో అయితే ఆ పొగ కింద అనప తొక్కల నూనె వాసన. రాత్రి నానేసిన అనపగింజలను అత్త పొద్దున్నే ముందేసుకుని కూర్చుని పితికేది. ఆమె రెండు వేళ్ళ మధ్య నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడేది. నేను నొక్కితే గోడకు తగిలేది. ఆ పితికిపప్పు పులుసు మూడు పూటలా తిని, మా అత్త ఇంట్లో నేను లావెక్కవలసింది, చిక్కిపోయాను. అత్త దాన్ని కనిపెట్టుకునే ఉండేది. ఇక పొయ్యిలో బూడిద చల్లారాక జల్లించి కుండలో పోసేది. గిన్నెలు తోమడానికి ఆ బూడిద, కందులు నిలవ చేయడానికి ఆ బూడిద, వానకు పాచి పట్టిన మెట్టు మీద చల్లడానికి ఆ బూడిద. ఆ ఇంట్లో బూడిదకున్నంత మర్యాద నాకుండేది కాదు, న్యాయంగా చూస్తే నేను దానంత పనికొచ్చేవాణ్ణి కూడా కాదు.

మొదటి సంవత్సరం అత్త అనప తీగె మీది పేనుతో గడిచింది. అనపకు పట్టే పేను నల్లగా నిగనిగలాడుతుంది. దాని వీపులోంచి గుండెను చూడడమంటే బొగ్గుముక్కలోంచి ఎండను చూడడమే. ఈ సంగతి గ్రహించడానికి నాకు ఒక సంవత్సరం పట్టింది. తెలివైనవాళ్ళకు ఎంత పడుతుందో తెలియదు. తర్వాత మిరపకు మారాను. మిరపాకు వెనక ఉండే పేను లేత పచ్చగా, వెలుగుకు పట్టి చూస్తే లోపలి సంగతులు కనబడేంత పలచగా ఉంటుంది. అత్తనడిగి నూనె డబ్బాల్లో మిరప నారు పెట్టించుకుని, వాటికి పేను పట్టించి, రాజుగారి గుర్రాలను సాకినట్టు సాకాను. ఇక కొలవడమే తరువాయి. గాజు పలక మీద పెడితే నడిచి పోయింది. పైన ఇంకో పలక మూస్తే నలిగిపోయింది. మంచుగడ్డ మీద పెడితే బుద్ధిగా నిలిచింది, దాంతోపాటు గుండె కూడా దాదాపు నిలిచింది. ఇలా మూడేళ్ళు గడిచాక, వేరే దారి లేక, మా ఇంటి విద్యకు దిగాను.

మాది పుత్తూరు దగ్గర చిన్న పల్లె. ఆ చుట్టుపక్కల విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఇళ్ళు కొన్ని ఉన్నాయి. పేరున్న ఇళ్ళకు దూరప్రాంతాల నుంచి జనం వచ్చేవాళ్ళు. అక్కడ చోటు చాలనివాళ్ళు మా నాయన దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆకు పసరు, వెదురు బద్దలు, గుడ్డ, కోడిగుడ్డు తెల్లసొన. తెల్లసొన ఆరేకొద్దీ బిగిసి గుడ్డను చెక్కలా చేస్తుంది. మనిషి చేతికి చేసే మేలు పేను కాళ్ళకు చేయదా అని ఒక చుక్కను సూదిమొనతో పలక మీద పెట్టి, దాని మీద పేనును నిలబెట్టాను. ఆరింది. బిగిసింది. పేను కదల్లేదు. మూడేళ్ళలో మొదటిసారి గుండె స్పష్టంగా కనిపించింది. పిచ్చిపట్టినట్టు కొట్టుకుంది, తర్వాత తప్పులు పోతూ కొట్టుకుంది, తర్వాత ఎప్పుడో ఒకసారి కొట్టుకుంది. ప్రొఫెసరు గారిని పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, “ఇది కొలత కాదు, మరణ వాంగ్మూలం,” అని వెళ్ళిపోయారు. నా పక్క బల్ల దగ్గర తేళ్ళ మీద పరిశోధన చేసే మునిరత్నం నన్ను చూసి జాలిపడి, “ఏదో ఒగ అంకె రాసేయప్పా. పేను వొచ్చి కాదంటాదా?” అన్నాడు. రాద్దును. కానీ అబద్ధం రాయడానికైనా నిజం ఏ దాపుల్లో ఉందో తెలియాలి కదా.

కట్టు కట్టే ఇంట్లో ఇద్దరు మనుషులుండాలి. ఎముక సరిచేసేవాడొకడు, పట్టుకునేవాడొకడు. మీసం మొలిచినప్పటి నుంచీ మా ఇంట్లో పట్టుకునేవాణ్ణి నేను. మోకాలు ఒక భుజం పక్కన, ముంజేయి రొమ్ము మీద, నా బరువంతా ఆ మనిషి మీద. నాయన ఎముక వైపు వంగి ఉండేవాడు, కాబట్టి వాళ్ళకు దగ్గరగా కనిపించే మొహం నాది. తిట్లు నా మొహానికే, ప్రార్థనలు నా మొహానికే. గుడ్డు సొన నీచు వాసన, పసరు వాసన, చెమట, ఇవి కలిసిన గాలి మా నట్టింట్లో ఎప్పుడూ ఉండేది. ఆ గాలి నాకు పడేది కాదు. చదువు మీద నేను చూపిన శ్రద్ధకు ఊరంతా ఆశ్చర్యపోయింది గానీ, అందులో ఏమీ లేదు. పరీక్ష ఉందంటే ఆ రోజు పట్టుకోవడానికి పిలిచేవాళ్ళు కాదు. అందుకని వీలైనన్ని పరీక్షలు రాసుకుంటూ పోయి, పరిశోధన దాకా వచ్చాను. వచ్చి చూసుకుంటే, ఇక్కడ నా పని పేనును పట్టుకోవడం.

శివరాత్రి దగ్గర పడుతుండగా పుత్తూరు బస్సు కండక్టరు చేత నాయన కబురు పంపాడు, వెంటనే రమ్మని. నేను చదువుకు వచ్చేసినప్పటి నుంచీ అక్కడ పట్టుకుంటున్నది మా చిన్నాయన కొడుకు చెంగల్రాయుడు. వాడు సూళ్లూరుపేటలో కట్టడాల పనికి పోయాడట. నేను పోయేసరికి, చింతకాయలు దులపబోయి చెట్టు మీంచి పడిన మనిషి ఒకాయన అరుగు మీద ఉన్నాడు. తొడ ఎముక. నాకంటే రెండింతలు ఉంటాడు.

“సొక్కా ఇప్పి పట్టుకోరా,” అన్నాడు నాయన. నేను బస్సు దిగి ఇంకా నీళ్ళు కూడా తాగలేదు.

“రోంతసేపు ఆగు సామీ,” అన్నాడు ఆ మనిషి.

“నేను ఆగుతా. నొప్పి ఆగాల గదబ్బా,” అన్నాడు నాయన, కాలి మీద చేయి వేస్తూ.

ఆయన నా వైపు తిరిగాడు. అరవలేదు. మెల్లగా, ఇద్దరికే తెలిసిన సంగతి చెబుతున్నట్టు, “నువ్వన్నా వదలప్పా,” అన్నాడు. నేను వదల్లేదు. వదిలితే ఎముక వంకరగా అతుక్కుని ఆ మనిషి జన్మంతా కుంటుతాడని నాకు తెలుసు. నా ముంజేయి కింద ఆయన గుండె చెక్క తలుపు మీద గుద్దినట్టు గుద్దుతూనే ఉంది.

అంతా అయ్యాక నాయన గోలెం దగ్గర చేతులు కడుక్కుంటూ అడిగాడు.

“ఏం సదువుతా ఉండావురా ఆడ?”

“పురుగుల గుండె నాయనా.”

“బాగు చేస్తావా?”

“లేదు. లెక్కపెడతా.”

“లెక్కపెట్టి?”

దానికి జవాబు నాకు ప్రొఫెసరు గారు ఎప్పుడూ చెప్పలేదు. “వాటికి తెలీకుండా లెక్కపెట్టాల. అదే కష్టం,” అన్నాను.

నాయన తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. “ఎండాకాలం దాకా సూస్తా. అప్పటికీ కాకపోతే వొచ్చి ఈడ కూసో. పట్టుకునేదానికి మనిషి లేడు. నీ చేతులు మంచివిరా. మా నాయన చేతులు.” ఆయన జన్మలో నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అది నాకు శిక్ష చదివినట్టు వినబడితే ఆయన తప్పు కాదు.

తిరుపతి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎండలు ముదిరేలోపల ఎన్ని రోజులు మిగిలాయో లెక్క వేసుకోకుండా ఉండడానికి ప్రయత్నించాను. ఎండలు ముదిరితే పేనుబంక తిరుపతిలో బతకదు. ఆ విషయంలో అది మనుషులకంటే తెలివైనది. ఇంకా చల్లదనం ఉంది, డబ్బాల్లో పేనుంది, ఏదో ఒక దారి దొరక్కపోదు. ఇంటికి చేరేసరికి అత్త వాకిట్లోనే నిలబడి ఉంది. ఆమె మొహం పెళ్ళింటిలా ఉంది.

“పెరట్లోకి పోయి సూడు,” అంది.

మిరప డబ్బాలన్నీ వరసగా ఉన్నాయి. ప్రతి చెట్టూ, ప్రతి కొమ్మా, ప్రతి ఆకూ వెనకా ముందూ బూడిద.

“నువ్వు పోయినాక సూసినా. ఆకు తిప్పితే సాలు, పురుగే. ఇన్నేండ్లూ ఈ పురుగుల్తోనే గదా బిడ్డా నువ్వు ఏగలేక సగమైపోయింది. తెల్లారుజామున మంచు తడి ఉన్నప్పుడే లేసి ఆకు ఆకుకూ పూసినా. ఒగటి లేదిప్పుడు.” ఆమె నా మొహంలోకి చూసింది. “ఇంగ నీ సదువు అయిపోయినట్టే గదా?”

అయిపోయినట్టే అన్నాను.

ఆమెను ఏమనగలను? పేనుబంక మీద పరిశోధన చేస్తున్నానని ఆమెకు మొదట్లోనే చెప్పాను. బుద్ధి ఉన్న మనిషి ఎవరైనా దాన్ని ఎలా అర్థం చేసుకుంటారో ఆమె అలాగే అర్థం చేసుకుంది. ఇన్నేళ్ళు చదివి కూడా మిరప చెట్టుకు బూడిద చల్లాలని తెలియని మేనల్లుణ్ణి చూసి ఓపిక పట్టి, పట్టలేక, ఆ ఒక్క పనీ తానే చేసిపెట్టింది. నేను అన్నం తినకుండా గోడకానుకుని కూర్చుంటే అత్తకు అనుమానం వచ్చింది. అడిగింది. చెప్పాను.

“అంటే అవి కావాల్నా నీకు?”

“అవే కావాల అత్తా.”

“పురుగులు కావాలనుకునేవాడు యాడన్నా ఉంటాడా?” అంది గానీ, ఆమె గొంతు అప్పటికే తగ్గిపోయింది. ఆ పూట ఆమె కూడా తినలేదు. పొద్దున్నే కొంగు నడుముకు దోపుకుని వీధిలోకి పోయి, ఇంటింటికీ, “మీ మిరపచెట్లకు పేను ఉండాదా అమ్మీ?” అని అడిగి వచ్చింది. మీ పిల్ల తలలో పేలున్నాయా అని అడగడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఆ వీధిలో ఇద్దరు మా అత్తతో మాట్లాడడం మానేశారు. పేను మాత్రం దొరకలేదు. నేను సైకిలేసుకుని ఊరి చుట్టూ తోటలన్నీ తిరిగాను. ఆకులు తిప్పుతూ వంగుని పోతుంటే కాపలావాళ్ళు కాయలు దొంగిలిస్తున్నానని తరిమారు. ఎండలు రానే వచ్చాయి. మధ్యాహ్నాలు డబ్బాల మధ్య గొంతుక్కూర్చుని, తడిగుడ్డతో ఆకుల మీది బూడిద తుడుస్తూ ఉండేవాణ్ణి, అలా తుడిస్తే చచ్చినవి లేస్తాయన్నట్టు. నాయన అరుగు, గుడ్డు సొన వాసన, “నువ్వన్నా వదలప్పా” అన్న ఆ గొంతు, ఇవి తప్ప నా ముందు ఇంకేమీ కనబడేది కాదు. తేళ్ళ మునిరత్నం ఒకసారి ఇంటికి వచ్చి చూసి, జోకు వేయకుండా వెళ్ళిపోయాడు. నా పరిస్థితి ఎలా ఉందో నాకు అప్పుడు తెలిసింది.

అలా కూర్చున్నప్పుడే ఒక చీమను చూశాను. స్నానాల గది గోడ వెనక, నీళ్ళు పారే చోట, ఎండిపోయిందని అత్త పక్కకు నెట్టేసిన డబ్బా ఒకటి ఉంది. అందులో చచ్చిన మొక్క మొదట్లోంచి మళ్ళీ రెండు కొమ్మలు లేచాయి. చీమ ఆ కొమ్మ మీదుగా పైకి పోతోంది. పూత లేదు, కాయ లేదు; చీమకు అక్కడ ఏం పని? పేను వదిలే తీపి కోసం తప్ప చీమ మిరప చెట్టు ఎక్కదు. గడ్డం నేలకు ఆనించి, ఆ ఆకును ముట్టుకోకుండా కిందనుంచి చూశాను. లేత పచ్చటి పేలు కొన్ని, ఒక ఈనె పక్కన వరసగా ఉన్నాయి.

ఆకు తుంచితే వాడిపోతుంది. డబ్బాను సైకిలు మీద ఎండలో డిపార్ట్‌మెంటుకు తీసుకుపోతే ఏమవుతుందో తెలుసు. ఇక పోగొట్టుకోవడానికి ఏమీ లేదు గనక, పేనును మైక్రోస్కోపు దగ్గరకు కాక, మైక్రోస్కోపునే పేను దగ్గరకు తీసుకొచ్చాను. తువ్వాలులో చుట్టి, చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, మునిరత్నం సైకిలు తొక్కగా. దాన్ని తిరగలి మీద పక్కకు వాల్చి పెట్టాను. అత్త బొట్టుపెట్టె అద్దంతో ఎండను ఆకు వెనక నుంచి పంపించాను. ఆ ఎండ వేడి తగలకుండా మధ్యలో గాజు సీసాలో నీళ్ళు పెట్టాను. మునిరత్నం చిన్నగా, “ఇంట్లో గుడి కట్టినట్టుండాదప్పా,” అని, తేళ్ళకు మేత వేయాలని వెళ్ళిపోయాడు. నేను కన్ను ఆనించి కూర్చున్నాను.

పేను తింటోంది. దాని ముక్కు ఈనెలోకి దిగి ఉంది. తింటున్న పేనును పట్టుకోనక్కర్లేదు, అది కదలదు, కదలాలన్న కోరిక దానికి లేదు. ఇన్నేళ్ళూ నేను దాన్ని భోజనం దగ్గర్నుంచి లాక్కొచ్చి, ఎందుకు కదులుతున్నావని అడుగుతూ ఉన్నాను. వీపు మధ్యలో నీడలాంటి గీత ఒకటి ముడుచుకుంది, వదిలింది, ముడుచుకుంది. తొందర లేదు. తడబాటు లేదు. అంత నింపాదిగా కొట్టుకునే గుండెను నేను అంతకుముందు చూడలేదు; నా అనుభవంలో గుండెలన్నీ పారిపోవాలని చూసేవే.

అత్త చేతికి స్టాప్‌వాచీ ఇచ్చాను. నేను ఊ అన్నప్పుడు నొక్కమన్నాను. లెక్క మొదలుపెట్టాను. కాసేపటికి పేను వెనక భాగం నుంచి తెల్లటిదేదో మెల్లగా బయటికి రావడం మొదలైంది. ఈ పురుగు గుడ్డు పెట్టదు, పిల్లనే కంటుంది. పుస్తకంలో చదివాను గానీ చూడలేదు. నోరు ఊరుకోలేదు.

“పిల్లను కంటా ఉండాది అత్తా,” అన్నాను.

“ఏంది?”

“కాన్పు.”

“లెయ్ రా పైకి.”

“అత్తా, లెక్క…”

“ఆడది కంటా ఉంటే మొగోడు కన్ను ఆనిచ్చి సూసేదా? సిగ్గులేదా నీకు? లెయ్.”

ప్రొఫెసరు గారు చెప్పిన జాగ్రత్తల్లో దీనికి ఏర్పాటు లేదు. వాదిస్తే తిరగలి కదులుతుంది, తిరగలి కదిలితే డబ్బా కదులుతుంది, డబ్బా కదిలితే పేను ముక్కు పీక్కుని పోతుంది. లేచాను. అత్త నా చోట్లో కూర్చుని, ఒక కన్ను చేత్తో మూసుకుని, రెండో కన్ను ఆనించింది. నేను వాచీ తీసుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

“వీపు మీద గీత కొట్టుకుంటా ఉంటాది. అది లెక్కపెట్టు. పైకి అను,” అన్నాను గోడతో.

“ఎట్ల అనేది?”

“వడ్లు కొలిచినట్టు.”

ఆమె గొంతు సవరించుకుంది. “లాభం… రెండు… మూడు… నాలుగు…” ధాన్యం కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనరు, లాభం అంటారు. పుట్టింట్లో కళ్ళం దగ్గర నేర్చుకున్న ఆ వరస ఆమెకు అలాగే ఉంది. పది కాగానే మళ్ళీ లాభం. నేను పదికొక వేలు మడిచాను. అటు గోడ, చేతిలో వాచీ, వెనక మా అత్త నోట ఒక పేను గుండె. తడుముకోకుండా, తొందరపడకుండా, ఒక జీవి పిల్లను కంటూ ఉండగా దాని గుండె ఎంత కొట్టుకుందో అంతా ఆమె చెప్పింది.

వాచీ నొక్కి, అయిపోయింది అన్నాను. ఆమె కన్ను తీయలేదు. “పుట్టీ పుట్టంగానే నడిచిపోయి తింటా ఉండాదిరా,” అంది. ఇంకొంతసేపు చూసి, చాలా మెల్లగా, “ఆ పొద్దు బూడిద కింద ఎంతమంది బాలింతలు ఉండిరో,” అంది. ఆ తర్వాత ఆమె బతికున్నన్నాళ్ళూ మిరప చెట్టుకు బూడిద చల్లలేదు. మేము మిరపకాయలు అంగట్లో కొనుక్కున్నాము.

ప్రొఫెసరు గారు అంతా విన్నారు. వింటూ కిటికీ వైపు కాక నా వైపు చూశారు. తినేటప్పుడు కొలవడం, వెలుగును వెనక నుంచి పంపడం, వేడిని నీళ్ళలో ఆపడం, అన్నీ రెండుసార్లు చెప్పించుకున్నారు.

“బాగుంది. లెక్కపెట్టింది ఎవరు?”

“మా మేనత్త సార్.”

“ఏ డిపార్ట్‌మెంటు?”

“కొర్లగుంట సార్.”

ఆయన నవ్వలేదు. “ఇంకెన్ని పురుగుల మీద చూశావు?”

లేవన్నాను. లెక్కపెట్టిన మరునాటికే వడగాలి వచ్చి ఆ ఆకును ముడిచేసింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, “ఒక్క పురుగు శాస్త్రం కాదు. కానీ పద్ధతి ఇదే. వచ్చే చలికాలం మీరు దీన్నే…” అని ఆగిపోయారు. వచ్చే చలికాలం ఆ కుర్చీలో తానుండరని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. నన్ను మీరు అన్నది ఆయన అదే మొదలు, అదే ఆఖరు. ఆ అంకెను నేను ఇక్కడ రాయడం లేదు. ఆయన మాట మీద గౌరవం కొద్దీ.

ఎండాకాలం అయ్యాక ఊరికి పోయి నాయన పక్కన కూర్చున్నాను. తింటున్నదాన్ని పట్టుకోనక్కర్లేదని తిరుపతిలో కనిపెట్టిన సంగతి ఆయనకు చెప్పాను. ఆయన ఆలోచించి, “అట్లయితే ఈయనకూ ఒగ ముద్ద పెట్టు సూద్దాం,” అన్నాడు. భుజం జారిన ముసలాయన ఒకడు ఉన్నాడు ఎదురుగా. నేను చేత్తో సంగటి ముద్ద నోట్లో పెట్టాను, నాయన భుజం లాగాడు, ముద్ద నా మొహం మీదకు తిరిగొచ్చింది. “ఇది పేను కాదురా,” అన్నాడు నాయన. ఆ తర్వాతి కాలం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పట్టుకున్నాను. వచ్చినవాళ్ళనందరినీ పట్టుకున్నాను. నాయన చేతులు వణకడం మొదలై కట్టు మానేసిన దాకా పట్టుకుని, తర్వాత చిత్తూరులో ఒక కాలేజీలో పంతులుగా చేరాను. అక్కడ నా పని పిల్లలకు కప్పను బల్లకు గుచ్చి గుండె చూపించడం. పట్టుకున్నప్పుడు గుండె ఎంత కొట్టుకుంటుందో నాకు తెలిసినట్టు ఈ జిల్లాలో ఇంకెవరికీ తెలియకపోవచ్చు. వదిలినప్పుడు ఎంతో మాత్రం ఎవరిదీ తెలియలేదు. వదలగానే వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు.

నాయన లేడు, అత్త లేదు. కొర్లగుంటలో ఆ పెరడు ఉన్నచోట ఇప్పుడు ఇల్లు మీద ఇల్లు లేచింది. బూడిద కావాలంటే ఆ వీధిలో ఒక పిడికెడు దొరకదు. అత్త బొట్టుపెట్టె అద్దంతో, సీసాడు నీళ్ళతో నేను తంటాలు పడిన పనిని ఇప్పుడు వేలెడంత ప్లాస్టిక్ ముక్క చేస్తోంది. దాన్ని చేసినవాళ్ళు ఎవరో గానీ చాలా తెలివైనవాళ్ళు. అయినా నర్సమ్మ నా చేతిని అదిమి పట్టుకునే ఉంది. ఆమె కళ్ళు పెట్టె మీదున్నాయి. పెట్టె కూత మొదలుపెట్టింది. డాక్టరును పిలవాలా అని ఆమె తలుపు వైపు చూసింది. దగ్గరగా ఉన్న మొహం ఆమెదే. భయపడిపోయి ఉంది, పట్టు మాత్రం వదలడం లేదు. ఆ మొహం నాకు బాగా తెలుసు.

“చెయ్యి వదులమ్మా,” అన్నాను.

“కదుల్తారు సార్.”

“కదలను. వదిలి సూడు.”

ఆమె ఒక్కొక్క వేలూ తీసింది. పెట్టె ఇంకొంచెం కూసింది, తర్వాత మానింది. నేను దాని వంక చూడలేదు, గోడ వైపు తిరిగి పడుకున్నాను. చెవిలో దిండు కింద నుంచి కొట్టుకుంటున్నది మెల్లగా వినబడింది. తొందర తగ్గుతూ ఉంది. ఎవరూ పట్టుకోని గుండె, నాదే. లాభం, రెండు, మూడు, నాలుగు.